మిరప ఘాటని చెప్పాను

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆడటానికి ఒక్క నిమిషం పట్టింది. దించుకునే చోటు మాత్రం దొరకలేదు. నా చదువు ఐదో తరగతితో ఆగింది కానీ, ఆ రోజు ఎవరు ఏ చీర కట్టుకున్నారో కూడా గుర్తుంది. మరచిపోతే ఎంత బాగుండేది!

మా తమ్ముడు దావీదు గుంటూరు మిరప యార్డులో ముఠా కూలీ. బస్తాలు మోసేవాడు. అక్కడ దగ్గూ ఆయాసమూ అందరికీ మామూలే. అందుకే వాడు నాలుగు మెట్లెక్కి ఊపిరందక కూలబడితే, ఘాటు పట్టిందనుకున్నారు. నేననుకోలేదు. వాడు తాగేది మా ఇంట్లోనే. భార్య సలోమి సీసాను గడప దాటనివ్వదని, పని దిగగానే మా వెనక వసారాలో కూర్చునేవాడు. కోడిగుడ్డు పొరటు నేనే చేసి పెట్టేదాన్ని. ఎందుకు? తమ్ముడి మీద ప్రేమా? అదీ ఉంది. కానీ ఆమె మాట కాదని వాడు నా దగ్గరికి వస్తున్నాడన్న సంతోషం అంతకన్నా ఎక్కువ ఉంది. ఆమె కాపురానికొచ్చిన నాటి నుంచీ నాకు గిట్టదు. దాచడమెందుకు, ఇప్పటికీ గిట్టదు.

కాళ్లు వాచాక ఆసుపత్రికి తీసుకెళ్లాం. "తాగుతాడా?" అనడిగారు డాక్టరు గారు.

"తాగుతాడండి, రోజూ," అంది సలోమి.

"ఏమే, మొగుణ్ణి తాగుబోతుని చేస్తున్నావా? నీ ఇంట్లో ఏనాడైనా సీసా చూశావా?" అని విరుచుకుపడ్డాను. "చుక్క ముట్టడండి. యార్డులో ఘాటండి అది. నేనెత్తుకుని పెంచినోడు, నాకు తెలీదా?"

"నీకు తెలుసు వదినా," అంది. అంతే అంది. దావీదు తలెత్తలేదు.

నా నెరిసిన జుట్టు చూసి నమ్మారేమో, డాక్టరు గారు ఘాటుకే మందు రాశారు. ఆ పీల్చే మందు జేబులో పెట్టుకుని వాడు ఇంకో ఏడాది బస్తాలు మోశాడు. ఇంకో ఏడాది మా వసారాలో తాగాడు. కడుపు కుండలా ఉబ్బాక వేరే డాక్టరు పరీక్షలన్నీ చేయించి చెప్పారు: తాగుడుకి లివరు గట్టిపడిపోయిందట, గుండె కూడా నీరసపడిపోయిందట. ఆయాసం గుండెదట, ఘాటుది కాదట. ముందే మానేసి ఉంటే గుండె కొంత తేరుకునేదేమోనట. ఆ 'ఏమో' నన్ను తినేస్తోంది. తేరుకునేదని ఖాయంగా చెప్పినా ఒక ఏడుపు ఏడ్చి ఊరుకునేదాన్ని.

సలోమి అప్పుడు నా వైపు చూసింది. ఒక్క మాటనలేదు. వాడు పోయాక సమాధి దగ్గరా అనలేదు. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తాం. కొత్తగా పనికొచ్చినవాళ్లు "మీ ఆయనెట్టా పోయాడు?" అంటే, "మా వదిననడగండి" అంటుంది, చేతిలో కాయ మీంచి చూపు తిప్పకుండా. నేను "ఘాటు" అంటాను. తిట్టినా బాగుండు. జుట్టు పట్టుకుని ఈడ్చినా బాగుండు. ఆ మూసుకున్న నోటిని చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

క్షమించమని ఆమెను అడగను. అడిగితే క్షమిస్తుందేమోనని భయం. ఆమె చేతి దయ నాకొద్దు. ఆ రోజు డాక్టరు గారు అడిగినదానికి మాత్రం మీకు జవాబు చెప్పేస్తాను. చెబితేనే నాకు ఊపిరాడేలా ఉంది.

తాగుతాడండి. రోజూ. మా ఇంట్లోనే. నేనే పోసేదాన్ని.