మాస్టారి చేతుల్లో కర్బనం

మొన్న పామర్రు నుంచి వచ్చిన మా బాబాయి గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "మీ కెమిస్ట్రీ మాస్టారు పోయారమ్మా" అన్నాడు. నిద్రలోనే పోయారట. ఆ తరవాత బాబాయి ఏం చెప్పాడో నాకు వినిపించలేదు.

యుద్ధం రోజుల్లో బెజవాడ కాలేజీలో ఆయన మాకు కర్బన రసాయనం చెప్పారు. అప్పటికే చూపు మసకబారింది. నల్లబల్ల మీద గీసిన బొమ్మ మీదే మళ్లీ గీసేవారు. ఎవరం నవ్వేవాళ్లం కాదు. ఈయన్ని తీసేస్తారేమోనని బెంగగా ఉండేది.

ఒకనాడు సుద్దముక్క పక్కన పెట్టి, సంచిలోంచి మట్టిముద్దలూ చీపురుపుల్లలూ తీసి అందరికీ పంచారు.

"కళ్లు మూసుకోండర్రా. కర్బనానికి నాలుగు చేతులు. బల్ల మీద గీస్తే కూడిక గుర్తులా కనబడుతుంది గానీ, అసలు అలా ఉండదు. ఒకటి పైకి, మూడు కిందికి ఎడంగా. తడమండి."

తడిమాను. బయట కాలవలో పడవవాళ్ల కేకలు ఎక్కడో దూరంగా వినిపిస్తున్నాయి. పుస్తకంలో బల్లపరుపుగా పడున్నది నా అరచేతిలో లేచి నిలబడింది.

"ఒక్క చెయ్యి కూడా ఖాళీగా ఉంచుకోదమ్మా అది. ఇంకేదీ దొరక్కపోతే పక్కనున్న కర్బనాన్నే రెండు చేతులా పట్టుకుంటుంది" అనేవారు.

భయపడినట్టే ఒకరోజు ప్రిన్సిపాల్‌గారు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. కాసేపు విని లేచి, నాలుగు పుల్లలకీ నాలుగు రకాల గింజలు గుచ్చి తెచ్చిన రెండు మట్టిబొమ్మలు మాస్టారి చేతికిచ్చారు.

"ఈ రెండూ ఒకటేనాండీ?"

మాస్టారు నెమ్మదిగా తిప్పి తిప్పి తడిమారు.

"కాదండీ. ఒకదానికొకటి అద్దంలో నీడలాంటివి. ఒకటి కుడిచెయ్యి, ఇంకోటి ఎడమచెయ్యి. మీ చేతులు ఒకదాని మీద ఒకటి బోర్లించి చూడండి. బొటనవేళ్లు చెరోవైపు పోతాయి."

ప్రిన్సిపాల్‌గారు నిజంగానే చేతులు బోర్లించి చూసుకున్నారు. "బల్ల మీద రాయడానికి ఒక పిల్లని పెట్టుకోండి మాస్టారూ, పాఠం మీరే చెప్పండి" అని వెళ్లిపోయారు. ఆ ఏడంతా రాసింది నేనే. రిటైరయ్యేదాకా ఆయన్ని ఎవరూ కదపలేదు.

పోయిన శ్రావణంలో పామర్రు వెళ్లే పడవలో మాస్టారు కనిపించారు. నా గొంతు విని గుర్తుపట్టారు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఆడపిల్లల బడిలో సైన్సు చెబుతున్నానండీ. పిల్లలు అడిగేవాటిలో కొన్నిటికి నాకే జవాబు తెలీదు."

"అయితే బాగానే చెబుతున్నావు."

ఇంతలో జల్లు మొదలైంది. అందరం పడవ గూడు కిందికి జరిగాం. ఆయన కదల్లేదు. ముఖం కాస్త పైకెత్తి, కొత్తగా నాట్లేసిన చేల మీదుగా వాన నడిచివస్తున్న చప్పుడు వింటూ కూర్చున్నారు.