ఎడమకన్నుతో ఏరిన కాయలు

నాకు థైరాయిడ్ ఎక్కువై గుండెదడ, చేతుల వణుకు వచ్చాయి. గుంటూరు డాక్టరుగారి మాత్రలతో అవి అణిగాయి గానీ, ముందుకు పొడుచుకొచ్చిన కళ్ళు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఎందుకలా ఉరిమి చూస్తావని అడిగినవాళ్ళకి సమాధానం చెప్పడం మానేశాను. నిజంగానే ఉరిమి చూసేదాన్ని.

రెప్పలు మూతపడక, ప్లాస్టరు అంటించుకుని పడుకునేదాన్ని. ఒకటి రెండుగా కనబడుతుంటే ఎడమకంటికి దూది పెట్టి గుడ్డ కట్టేదాన్ని. డాక్టరుగారు ఒక్కటే గట్టిగా చెప్పారు: రంగులు వెలిసినట్టు కనబడితే ఒక్కరోజు కూడా ఆగొద్దు, లోపల నరం నలుగుతోందని అర్థం, చూపే పోతుంది.

ఆ వేసవి కల్లంలో మిరపకాయలు ఏరుతున్నాం. ఎర్రటివి ఒక కుప్ప, రంగుపోయిన తాలు కాయలు ఇంకో కుప్ప. ఘాటుకి కుడికన్ను మండుతుంటే ఆ రోజు గుడ్డ దానికి కట్టాను. గంట గడిచిందో లేదో, ఏళ్ళ తరబడి మా కాయలు ఏరే ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఏందమ్మా ఇది, మేలుకాయలన్నీ తాల్లో పోస్తన్నావు?"

గుడ్డ విప్పి ఒక్కో కన్నూ మూసి చూశాను. కుడికంటికి నెత్తురంత ఎరుపు. ఎడమకంటికి అదే కాయ వెలిసిన పాతచీర రంగు. ఆ రోజే గుంటూరు వెళ్దామన్నాను.

కాయలు మిర్చి యార్డుకి తోలేసి రెండ్రోజుల్లో వెళ్దామన్నాడు మా ఆయన. మంచివాడే, కానీ మిరప రేటు బాగుందంటే దేవుణ్ణయినా ఆగమంటాడు.

"కాయలు ఎటూ పోవు. నా కన్ను పోద్ది. మీరొస్తే రండి, లేదంటే నేనే బస్సెక్కుతా."

ఓ కాయ కొంగున ముడేసుకుని బయల్దేరాను. ఆయన గొణుక్కుంటూ వెనకాలే వచ్చాడు.

డాక్టరుగారు మందుసీసా ఎర్రమూత చూపించి, రెండు కళ్ళకీ ఒకేలా ఉందా అని అడిగారు. ముడి విప్పి కాయ బల్లమీద పెట్టాను. కుడికంటికిది మేలుకాయండి, ఎడమకంటికి తాలు అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ పూటే చేర్చుకుని సెలైన్‌లో స్టెరాయిడ్ ఎక్కించడం మొదలెట్టారు.

రెండు వారాల తర్వాత స్టెరాయిడ్‌కి ఉబ్బిన ముఖంతో కల్లానికి వెళ్ళాను. కళ్ళు ఇంకా పొడుచుకొచ్చే ఉన్నాయి. మాత్రలు, చుక్కల మందు, ప్లాస్టరు ఇంకా చాలాకాలం తప్పవని తెలుసు. తప్పకపోతే వాడతాను, అంతే.

ముసలమ్మ మేలువీ తాలువీ కలిపి నా ముందు దోసెడు కాయలు పోసింది. కుడికన్ను అరచేత్తో మూసుకుని ఏరాను. ఆవిడ రెండు కుప్పలూ కెలికి కెలికి చూసింది.

"తాల్లో ఒక్క మేలుకాయ కూడా లేదమ్మా."

ఆసుపత్రిలో కూడా ఏడవనిదాన్ని, ఆ తాలు కుప్ప ముందు కూర్చుని ఏడ్చాను.