చదివి వెళ్ళిన పరీక్ష

మా ఆవిడకు షుగరు. చూపు మసకబారి సిరంజి మీద గీతలు కనిపించవు కనుక, పొద్దున్నే ఇన్సులిన్ ఇవ్వడం నా పని. ఇచ్చిన వెంటనే డైరీలో రాస్తాను. లెక్కల మేస్టారుగా చేరిన నాటి నుంచి ఏదైనా రాసిపెట్టుకోవడం అలవాటు.

ఈమధ్య ముసురు పట్టిన ఒక ఉదయం సిరంజి నింపి, చెయ్యి చాపమన్నాను.

"ఇందాకే ఇచ్చేరు కదండీ," అంది.

డైరీ చూశాను. ఏమీ రాసి లేదు. బుట్టలో వాడిన సూది ఉంది. అది ఈ రోజుదో నిన్నటిదో చెప్పలేకపోయాను. ఆమె మాట నమ్మి సిరంజి పక్కన పెట్టేశాను. ఆమె ఆలోచించకుండా చెయ్యి చాపి ఉంటే రెండోసారి ఇచ్చేసేవాడిని. ఆ తరువాత ఏమయ్యేదో రాయడానికి చెయ్యి రావడం లేదు.

అమలాపురంలో నరాల డాక్టరు గారి దగ్గరకు వెళదామని ఆమే అంది. మా వీధిలో ఒకాయన జ్ఞాపకశక్తి పరీక్షకే వెళ్ళి వచ్చారు. ఏమేం అడుగుతారో ఆయన్ని అడిగి తెలుసుకున్నాను. జీవితమంతా పిల్లల చేత పరీక్షలు రాయించినవాడిని, పాత ప్రశ్నలు దొరికితే వదలడం చేతకాదు. తేదీ, వారం, జిల్లా, వందలోంచి ఏడేసి తీసెయ్యడం, అన్నీ అరుగు మీద కూర్చుని వల్లించాను.

ముందు స్కానింగు తీశారు. గొట్టంలో పడుకుంటే రేకుల మీద సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. ఇక్కడ వల్లించడానికి ఏమీ లేదని అప్పుడు తట్టింది.

డాక్టరు గారు చిన్న వయసు అమ్మాయి. వందలోంచి ఏడు తీసెయ్యమనగానే, ఆగకుండా కిందకు దిగిపోయాను.

"మేస్టారూ, ముందే చదివొచ్చేరా ఏంటి?" అని నవ్వింది.

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ, "ఆయ్, వారం నుంచీ అదే పనండీ. బస్సులో కండక్టరు ఎక్కడికండీ అనడిగితే డెబ్భై తొమ్మిది అన్నారు," అంది.

డాక్టరు గారు కంప్యూటరు మా వైపు తిప్పింది. నా మెదడు బొమ్మ. ఒక్కో భాగాన్నీ ఏఐ కొలిచి, నా వయసువారి కొలతలతో పోల్చి రంగులు వేసిందట. లోపల, రెండు చెవులకు సూటిగా, రెండు చిన్న ముక్కలు నారింజ రంగులో ఉన్నాయి.

"కొత్త సంగతులు గుర్తుండటానికి ముఖ్యమైన చోట్లివి. ఉండాల్సినదానికంటే కాస్త చిన్నవిగా ఉన్నాయంటోందండి."

"అయితే మతిమరుపు జబ్బేనాండీ?" అన్నాను.

"ఇది కొలిచి చూపిస్తుంది, అంతే. జబ్బని ఇదొక్కటే తేల్చలేదు. మీతో మాట్లాడి నేను తేల్చుకోవాలి. మీరు చదివొస్తే నాకేం తెలుస్తుంది చెప్పండి?"

తరువాత మా ఆవిడను అడిగింది, ఇంట్లో ఎలా ఉంటున్నారని. మా ఆవిడ నా వైపు చూసింది. నేను నేలకేసి చూశాను. సిరంజి సంగతి చెప్పేసింది.

డాక్టరు గారి ముఖంలో నవ్వు పోయింది. జబ్బు మొదలై ఉండవచ్చునని, రక్తపరీక్షలు చేయించుకుని మళ్ళీ రమ్మని చెప్పింది. "ఇన్సులిన్ మాత్రం ఇకనుంచి మీరొక్కరే ఇవ్వొద్దండి. షుగరు డాక్టరు గారినడిగి సిరంజి బదులు ఇన్సులిన్ పెన్ను తీసుకోండి. తిప్పితే టిక్కు టిక్కుమంటుంది, అమ్మగారు చెవితో లెక్కపెట్టుకోవచ్చు."

రాజోలు బస్సులో తిరిగి వస్తూ దారిలో ఊళ్ళ పేర్లు వరసగా మనసులో అనుకున్నాను. ఒకటి తప్పిపోతే, తప్పిందని నాకు తెలిసేదెలా?

ఇప్పుడు పెన్ను ఆమే తిప్పుతుంది. పైకి లెక్కపెడుతుంది. అంకె సరిగ్గా ఉందో లేదో చూడటం నా వంతు. చూసి, "ఇందాక వేసుకోలేదు కదా?" అని అడుగుతాను.

"లేదండీ," అంటుంది.

కొన్ని ఉదయాలు జవాబు చెప్పదు. పెన్ను ఒళ్ళో పెట్టుకుని నా ముఖంలోకి చూస్తూ ఉండిపోతుంది. అప్పుడు తెలుస్తుంది, ఇప్పటికే అడిగానని.