నాన్న గొంతుకు వదిన పెట్టిన గడియ

మా వదిన ఫోన్లు, చేతి రేడియోలు, టార్చిలైట్లు బాగుచేస్తుంది. వీధి మొదట్లో మెట్ల కింద ఆమె దుకాణం. ఇద్దరు కూర్చుంటే మూడోవాడు గాలి పీల్చుకోవడానికి బయటికి పోవాలి. చచ్చిన ఫోను కూడా ఆమె తిట్లకు జడిసి లేచి పలుకుతుందని ఊళ్లో అంటారు. అనేది నేనే.

ఆమెది ఒకటే వేదాంతం: పని చెయ్యనివాడికి కరెంటు పెట్టకూడదు. జేబులో పట్టే వస్తువుల్లో బ్యాటరీకీ మిగతా సరంజామాకీ మధ్య ఒక ట్రాన్సిస్టర్ కాపలా ఉంటుంది. బియ్యపు నూకంత. పనున్నప్పుడు తలుపు తీస్తుంది, లేనప్పుడు గడియ పెడుతుంది. ఆ గడియ వదులైతే బ్యాటరీ చప్పుడు లేకుండా ఖాళీ అయిపోతుంది.

సరిగ్గా ఆ జబ్బే నాన్న యంత్రానికి వచ్చింది. గొంతు ఆపరేషన్‌లో మాట పోయినప్పటి నుంచి ఆయన దాన్ని మెడకు ఆనించి, మీట నొక్కి మాట్లాడతాడు. రాత్రంతా ఛార్జింగ్ పెట్టినా మధ్యాహ్నం భోజనాలకల్లా అది చేతులెత్తేసేది. మళ్లీ నిండేసరికి పడుకునే వేళ. కాగితం ఇస్తే విసిరికొట్టేవాడు. రాసి పోట్లాడే ఓపిక ఆయనకెక్కడిది?

ఇక మధ్యాహ్నాలన్నీ అమ్మ రాజ్యమే. పెళ్లినాటి నుంచి ఆయన చేసిన నేరాలన్నీ ఏకరువు పెట్టి, "అబ్బ, ఇల్లు ఎంత హాయిగా ఉందో!" అనేది. నాన్న ఉత్తినే ఒకసారి మీట నొక్కి చూసి గోడవైపు తిరిగేవాడు.

"మామయ్యగారికి ఒంటిపూట మాటలేనా? ఇదేం బాగాలేదు," అంది వదిన. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. పాత ఫోనులోంచి అలాంటి ట్రాన్సిస్టరే పీకి అతికించింది.

నాన్న ఒక మాట మాట్లాడి మీట వదిలాడు. యంత్రం ఆయన్ని వదల్లేదు. జుయ్‌మని మోగుతూనే ఉంది.

"నోరు మూసుకున్నా మీ గోల ఆగదా!" అంది అమ్మ.

వదిన దాన్ని లాక్కుని, భూతద్దంలో చూసి నాలుక కరుచుకుంది. ట్రాన్సిస్టర్‌ను అటుది ఇటు పెట్టేసింది. అలా పెడితే గడియ వేసినా కరెంటు పక్క సందులోంచి దూరిపోతుందట. ట్రాన్సిస్టర్ల వంశాన్నంతా దులిపేసిందే గానీ, పొరపాటు తనదని మాత్రం ఒప్పుకోలేదు. ఊడదీసి, తిప్పి అతికించింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అందరం నాన్న వైపే చూస్తున్నాం. మీట నొక్కాడు. పలికింది!

"ఏమే," అన్నాడు అమ్మతో. "మీ తమ్ముడి పెళ్లిలో అలిగానని మొన్న అన్నావు కదా. అలగలేదు, కడుపునొప్పి. ఇక రెండోది..."

నోరు లేని ఆ మధ్యాహ్నాలన్నిటికీ జవాబులు వరసగా దాచిపెట్టుకున్నాడు మహానుభావుడు! అమ్మ మూతి తిప్పింది. లేచి పోతుందనుకున్నాం. కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది. కళ్లు తుడుచుకుని వదిన వైపు తిరిగింది.

"అమ్మాయ్, రాత్రి పడుకునేదాకా ఇది పలుకుతుంది కదూ?"