మాంచెస్టర్‌లో కొండ మొక్కు

మా ఇంటాయన నారాయణ దొరల దేశానికి పోయొచ్చినాడంటే సిత్తూరులో నమ్మేవోళ్లు తక్కువ. "ఆడికి పోయినోడు మళ్లా లారీ షెడ్డులో చక్రాలు తుడస్తాడా?" అంటారు. తుడిచినాడు. చచ్చేదాకా తుడిచినాడు. దానికి కారణం నేను. ఊళ్లోవోళ్లు చెప్పేకంటే నేనే చెప్తాను, వినండి.

నలభై రెండులో యుద్ధం పనికి ఫిట్టర్లు కావాలని సర్కారోళ్లు మన పిల్లోళ్లను ఏరి, పని నేర్పను మాంచెస్టర్‌కు పంపినారు. నేర్చుకోనొస్తే మేస్త్రీ ఉద్యోగం. ఆయన పేరు వచ్చినపుడు మా పాప తిరుమలమ్మకు ఎనిమిది నెలలు. పుట్టినకాడ్నించీ దానికి ఫిట్సు. పయనమయ్యే ముందుదినం ఆయన కొండ దిక్కు తిరిగి దండం పెట్టినాడు. "సామీ, బిడ్డను కాపాడు. తిరిగొచ్చి దాన్నెత్తుకోని కొండెక్కి తలనీలాలిచ్చేదాకా నా తలకు కత్తి తగలనీను" అన్నాడు.

ఓడ ఆడికి చేరిందో లేదో, పుష్యమాసంలో పాప పొయ్యింది. ఒక్కపూట జొరం, అంతే.

జాబులు రాసిపెట్టే ప్రేమానందం అయ్యవారి కాడికి పోయి, "పాప బాగుండాది, నీ మొక్కే కాపాడతా ఉండాదని రాయండి" అన్నాను. ఆయన కలం కింద పెట్టేసినాడు.

"అబద్ధం రాయమంటావా చెంగమ్మా?"

"సముద్రాల అవతల ఒంటిగా ఉండే మనిషి అయ్యవారూ. ఇప్పుడు చెప్తే తట్టుకోలేడు. పని నేర్చుకోని రానీండి."

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు కదా, పాపకు పండ్లొచ్చినాయని, గోడ పట్టుకోని నిలబడతా ఉండాదని గూడా కలిపించినాను. ఇంటికొచ్చి గుండెలు బాదుకోని ఏడ్చినాను.

ఫాల్గుణంలో మనకు ఎండలు ముదరతా ఉంటే మాంచెస్టర్‌లో అప్పుడప్పుడే మంచు కరగతా ఉండాదంట. "ఉగాది వస్తా ఉండాది. ఈడ వేపపువ్వు కాదు గదా, చెట్లకు ఒక్క ఆకు గూడా లేదు. బాంబులు పడి కూలిన ఇండ్ల మన్నులో మాత్రం ఏవో పచ్చపూలు పూస్తా ఉండాయి" అని రాసినాడు. ఒక ఆదివారం ఎండ కాసిందని పార్కులో కూచోనుంటే, ఒక దొరసాని బిడ్డ ఆయన గడ్డం పట్టుకోని ఇడిసిపెట్టలేదంట. "మన పాప చెయ్యి మాదిరే మెత్తగా ఉండాది. ఏడుపొచ్చేసింది మే" అని రాసినాడు. అయ్యవారు ఆడికి చదివి నిలిపేసినాడు. నేను గూడా ఇంగ చదవమనలేదు.

ఆ నెల్లోనే మిషన్ కాడ తలగుడ్డ జారి ఆయన జుట్టు చక్రంలో చిక్కబోయిందంట. పక్కనోడు లాగబట్టి బతికినాడు. "కత్తిరించుకో, లేదంటే మిషన్ కాడికి రావద్దు" అన్నాడంట ఆడుండే మేస్త్రీ. "నా బిడ్డ పానం దీంట్లో ఉండాది" అని వచ్చీరాని ఇంగ్లీషులో మొత్తుకున్నాడంట. ఆ పాపిష్టోళ్లకేం తెలస్తాది! చేతికి చీపురిచ్చినారు. నా పిచ్చి మారాజు ఆర్నెల్లు కసువు చిమ్మినాడు గాని ఒక్క ఎంటిక తీపిచ్చలేదు. కడాకు సర్టిఫికెట్టు లేకుండానే ఓడెక్కించినారు. ఇదంతా తిరిగొచ్చినాక చెప్పిందే, అప్పుడు నాకు ఒక్క ముక్క రాయలేదు. రాసుంటే నేను నిజం చెప్పేసుందునో లేదో, ఆ దేవుడికే ఎరుక.

ఒక మద్దేన్నం వాకిట్లో నిలబడినాడు, భుజాల దాకా జుట్టు, ఎదురొమ్ము దాకా గడ్డం. నగతా ఉండాడు. "పాప యాడ? నీళ్లు పోసి తయారుచెయ్యి మే, సాయంత్రం బండికి తిరపతికి పోదాం" అన్నాడు.

కాళ్ల మింద పడి అంతా చెప్పేసినాను. కొడతాడనుకున్నాను. కొట్టింటే బాగుండు. పోయి అరుగు మింద కూచున్నాడు.

నా దిక్కు తిరిగినాడు. "మే, పాప నన్ను 'నాయనా' అని పిలస్తా ఉండాదని కడాపటి జాబులో రాసినావే. ఎట్ట పిలిచిందో ఒక్కసారి అను."

నోరు తెరిచినాను. ఏడాది గూడా నిండని బిడ్డ, బతికుండంగా ఒక్క మాటన్నా నేర్చింది గాదు. ఎట్ట అనేది?