ఎర్రబడ్డ మూటలు

ఉరవకొండలో మాది వేరుశనగ విత్తనాల అంగడి. బేరంలో పులినైన నేను కంప్యూటర్ ముందు పిల్లిని. అయినా ఎక్సెల్‌లో, మొలక పరీక్ష నెగ్గిన మూటల గడులు వాటంతటవే ఎర్రబడేలా పెట్టాను. మా అంగడిలో మంచి మూటకే కుంకుమ బొట్టు మరి!

వాన పడిన రోజు నేను లేను. ఎరుపంటే ప్రమాదమనుకొని నా భార్య, నూనె మిల్లుకు పోవాల్సిన రంగులేని మూటలను రైతు నాగన్నకు ఇచ్చేసింది. సంగతి తెలియగానే మంచి మూటలు ఆటోలో వేసుకొని చేనుకు పరుగెత్తాను.

"ఇత్తొద్దు నాగన్నా! అవి మొలిచేవి కావు!"

"ఏమప్పా, ఈడికొచ్చి ధర పెంచుతాండావా?"

"లేదన్నా, ఊరికే మారుస్తా."

"నువ్వు ఊరికే ఇస్తాండావంటే నిజంగానే కొంప మునిగుండాది!" అంటూ విత్తే గొర్రు ఆపాడు.

నేలలో వాన పదును ఆరకముందే మంచి విత్తనం పడింది. పది రోజులకు చాళ్ల నిండా మొలకలే. రంగు పెట్టేముందు చూసేవాళ్లను అడగాలని ఆ గట్టు మీదే నేర్చుకున్నాను.