సుభద్రమ్మ గారు ఓడిన దావా

మదనపల్లె టమోటా మార్కెట్ పక్కగా వెళ్తుంటే, కారు అద్దాలు ఎంత బిగించినా మగ్గిన టమోటాల పుల్లని వాసన లోపలికి వస్తుంది. మొన్న ఆ వాసనకు పక్క సీట్లో ఉన్న నా జూనియర్ ముక్కు మూసుకుంది. నాకు మాత్రం సుభద్రమ్మ గారి ఆఫీసు గుర్తొచ్చింది. ఆ మార్కెట్ వెనక సందులో, మేడ మీద రెండు గదులు. తొంభైల చివర్లో కొత్త నల్లకోటు కుట్టించుకుని ఆమె దగ్గర చేరాను. ఊళ్ళో మిగతా ప్లీడర్లు భూమి తగాదాలు చూసుకుంటుంటే, ఆమె కాన్పుల్లో, గర్భసంచి ఆపరేషన్లలో, కుటుంబ నియంత్రణ శిబిరాల్లో ఆడవాళ్ళకు జరిగిన అన్యాయాల మీద దావాలు వేసేవారు. "ఆమెది ఆఫీసా, కాన్పుల వార్డా?" అని తోటి ప్లీడర్లు ఎగతాళి చేసేవాళ్ళు. ఆమె విని, నవ్వి, మళ్ళీ అలాంటి దావానే వేసేవారు.

మనిషి పొట్టి, గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే ఉండేది. శనివారాలు పుంగనూరులో ఒక కిరాణా కొట్టు వెనక గదిలో కూర్చునేవాళ్ళం. వచ్చే ఆడమనిషి వెంట మొగుడో, అన్నో, మామో తప్పకుండా ఉండేవాడు. ఆమెను అడిగిన ప్రశ్నకు ఆయన జవాబు చెప్పేవాడు. సుభద్రమ్మ గారు ఆ ఒక్క చోట కోప్పడేవారు కాదు. "అప్పా, ఆకలైతాండాది. బస్టాండు కాడ బోరుగులు బాగుంటాయి, తెచ్చిపెడతావా?" అనేవారు. ముందున్న కొట్లోనే బస్తా నిండా బోరుగులు, అంటే మరమరాలు, ఉన్నా సరే, ఆమెకు బస్టాండు బోరుగులే కావాలి. ఆయన గడప దాటాక తలుపు దగ్గరగా వేసి, "ఇప్పుడు చెప్పమ్మా" అనేవారు. ఆ వచ్చిన బోరుగులన్నీ తినే పని నాది.

మునెమ్మ అలాగే శాంతిపురం నుంచి బస్సులు మారి అన్నతో వచ్చింది. నిండు గర్భిణి. ముగ్గురు పిల్లలు పుట్టాక, అత్తగారి ఊరు రామకుప్పం దగ్గర పెట్టిన శిబిరంలో ఇక పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత మళ్ళీ నెల తప్పింది. "ఆపరేషనైనదానికి కడుపెట్లొస్తాది?" అని అత్త ఊరంతా వినేలా అడిగి, పిల్లల్ని తన దగ్గరే ఉంచుకుని కోడల్ని పుట్టింటికి పంపేసింది. మొగుడు క్వారీలో రాయి కొట్టే మనిషి, తల్లి ముందు నోరు మెదపలేదు. ఆ బిడ్డ తన కొడుకు బిడ్డేనని కాణిపాకం గుడిలో ప్రమాణం చేస్తేనే ఇంట్లోకి రానిస్తానని అత్త షరతు పెట్టింది. మా జిల్లాలో ఎక్కడా తెగని తగాదాలను ఆ దేవుడి ఎదుట ప్రమాణం చేసి తేల్చుకుంటారు.

అన్న బోరుగులకు వెళ్ళాక సుభద్రమ్మ గారు, "ఆపరేషన్‌కి నువ్వు ఒప్పుకున్న్యావా?" అని అడిగారు.

"నన్నెవురడిగినారు మేడం? మా ఆయన ఏలిముద్ర ఏసినాడు, నన్ను బల్లెక్కించినారు."

"ప్రమాణం చేస్తే పిల్లోళ్ళ కాడికి పోవచ్చు గదమ్మా?"

"నేను చెయ్యను. కత్తి పట్టింది నేనా? పట్టినోళ్ళను చెయ్యమనండి."

సుభద్రమ్మ గారు ఆ మాటకు గట్టిగా నవ్వారు. ఆ వారమే, ఆపరేషన్ నిర్లక్ష్యంగా చేశారని కుప్పం కోర్టులో నష్టపరిహారం దావా వేశాం.

కోర్టు వ్యవహారం కదా, విచారణ వచ్చేసరికి కడుపులో ఉన్న పిల్ల పుట్టి, పరుగులు పెడుతోంది. ఆపరేషన్ చేసిన డాక్టరు సాక్ష్యం చెప్పాల్సిన రోజు పొద్దున కుప్పం స్టేషన్ దగ్గర టీకొట్టులో కూర్చున్నాం. సుభద్రమ్మ గారు మునెమ్మతో మెల్లగా చెప్పారు. "డాక్టరును ఒక మాట అడగాలనుకుంటాండా. బాగా చేసినా ఆపరేషన్ ఒగోసారి ఫెయిలైతాదా అని. ఔనంటే నీ మీద మచ్చ పోతాది. కానీ ఆయన తప్పేం లేదని దావా గూడా పోతాది. అడక్కుంటే దావా నిలబడొచ్చు. ఏం చెయ్యమంటావు?"

నేను ఆగలేకపోయాను. "మేడం, అది ప్లీడరు తేల్చాల్సింది కదా?"

"ఆపరేషనప్పుడు గూడా అందరూ అట్లే అనుకున్నారు పాపా," అన్నారామె నావైపు చూడకుండానే.

మునెమ్మ పిల్ల జుట్టు సవరించింది. "అడగండి మేడం. మా అత్త ఇనాల."

అత్తను పిలవడానికి సుభద్రమ్మ గారు ముందే రామకుప్పం వెళ్ళి వచ్చారు. "మీ కోడలు ప్రమాణం చెయ్యదంటమ్మా. డాక్టరు చేస్తాడు, వచ్చి ఇను," అని చెప్పారట. ఆ ముసలామె నిజంగానే కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, కోర్టు హాల్లో వెనక గోడకు ఆనుకుని నిలబడింది. డాక్టరు బోనెక్కి ప్రమాణం చేశాడు, ఆపరేషన్ సక్రమంగానే చేశానన్నాడు. సుభద్రమ్మ గారు లేచారు. "సక్రమంగానే చేశారనుకుందాం. అయినా మొగుడితో కాపురం చేసుకునే మనిషికి మళ్ళీ గర్భం రావచ్చా?" ప్రభుత్వ ప్లీడరు ఆమెకు మతి పోయిందేమో అన్నట్టు చూశాడు. "అరుదుగా రావచ్చు. ముడేసిన నాళం మళ్ళీ అతుక్కుంటుంది. అందులో ఆమె తప్పేమీ ఉండదు," అన్నాడు డాక్టరు. జడ్జి గారు దాన్ని ఇంగ్లీషులో టైపు చేయించారు. సుభద్రమ్మ గారు చేతులు కట్టుకుని, "డాక్టరు గారిని ఆ మాట తెలుగులో ఇంకోసారి, కొంచెం గట్టిగా చెప్పమనండి," అని కోరారు. డాక్టరు చెప్పాడు.

బయట వేపచెట్టు కింద ముసలామె క్షమించమని అడగలేదు. కోడలి ఎదురుగా వచ్చి, "ఎండలో దాన్నట్లా నడిపిస్తాండావే, ఇట్లియ్యి," అని అంతవరకూ ఎన్నడూ ముట్టని మనవరాలిని ఎత్తుకుంది. మొగుడు మునెమ్మ చేతిలోని సంచి అందుకున్నాడు. బస్సొచ్చింది, నలుగురూ ఎక్కారు.

దావా పోయింది. తన కేసు తానే చంపుకున్న ప్లీడరమ్మ అని కోర్టులో చాలాకాలం చెప్పుకున్నారు. ఆమెకు బాధ లేదని నేను అనను. తీర్పు వచ్చిన రోజు నాతో, "మర్యాదా మునెమ్మదే, పరిహారమూ మునెమ్మదే. రెంట్లో ఒకటి ఏరుకోమని నేనడగాల్సి వచ్చింది సూడు, అదీ అన్యాయం," అన్నారు. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకదే మొదలు, అదే ఆఖరు.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. కేసు గెలవడం నేను వేరే చాలామంది దగ్గర నేర్చుకున్నాను, ఏది గెలవాలో ముందు అడగడం మాత్రం ఆమె దగ్గరే. మొన్న ఒక అమ్మాయి అత్తమామలతో వచ్చింది. వాళ్ళను బయట కూర్చోబెట్టి అడిగాను, "ఓడిపోయినా సరే, నీకు దక్కాల్సింది ఏందమ్మా?" అని.  ఎవరొచ్చినా, ఆ జవాబు వినేదాకా నేను కలం మూత తీయను.